హమ్మూ మేస్త్రీ పళ్ళ లెక్క

మా అన్నయ్య హమ్మూ నోట్లో మిగిలినవి పదకొండు పళ్ళు. ఖర్జూరం గింజ తగిలితే ఆ పదకొండూ ఊగుతాయి. అలాంటి మనిషి ఎడారి అంచున ఉన్న మా రిస్సానీలో ఎవరి బండికి ఎన్ని పళ్ళుండాలో చెప్పే మేస్త్రీగా పేరు తెచ్చుకున్నాడు. బండి పళ్ళంటే స్ప్రాకెట్ పళ్ళు. ఇంజను దగ్గర చిన్న స్ప్రాకెట్, వెనక చక్రానికి పెద్ద స్ప్రాకెట్, రెంటినీ కలుపుతూ చైను. వెనకదానికి పళ్ళు పెంచితే బండికి లాగే బలం పెరుగుతుంది, పరుగు తగ్గుతుంది. పళ్ళు తగ్గిస్తే పరుగు పెరిగి బలం తగ్గుతుంది. ఇంతవరకూ ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. ఏ మనిషికి, ఏ దారికి ఎన్ని పళ్ళు సరిపోతాయన్నది మాత్రం మా అన్నయ్యనే అడగాలి.

నా రొట్టెల పొయ్యి అతని షెడ్డు గోడకు ఆనుకునే ఉంటుంది. గోడకివతల ఇరవై ఆరేళ్ళుగా నేను మాంసం, ఉల్లిపాయ కూరి మదఫూనా రొట్టెలు కాలుస్తున్నాను. అవతల అతను అంతకుముందు నుంచే ఇనుముతో కుస్తీ పడుతున్నాడు. గోడ సగం వరకే లేచింది, మిగతాది రేపు కడతా ఎల్లుండి కడతా అంటూనే ఉన్నాడు. అందువల్ల అక్కడ పడ్డ ప్రతి మాటా నా చెవిన పడుతుంది. వదిన పోయాక అతని గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఎవరికైనా తెలుసంటే నేను ఒప్పుకోను.

మేము గుడారంలో పుట్టినవాళ్ళం. కరువుకు మేకలన్నీ చచ్చాక నాన్న మమ్మల్ని రిస్సానీకి నడిపించుకొచ్చాడు. అప్పుడు అన్నయ్యకు పద్నాలుగేళ్ళు. బడికి వెళ్ళే వయసు దాటిపోయిందని మోపెడ్లు బాగుచేసే ఒకాయన దగ్గర పెట్టారు. అంకెలు కూడా అక్కడే నేర్చుకున్నాడు, పళ్ళ మీద. ఒక పన్ను మీద సుద్దతో గీత గీసి, అక్కణ్ణుంచి బొటనవేలితో ఒక్కో పన్నూ నొక్కుకుంటూ మళ్ళీ గీత దగ్గరికి వస్తాడు. యాభై రెండు దాకా తడుముకోడు. అంతకంటే పెద్ద స్ప్రాకెట్ మా ఊరికి రాలేదు కాబట్టి ఆపైన అంకెలతో అతనికి పనిపడలేదు. నా పెళ్ళికి ఎంతమంది వచ్చారని ఎవరో అడిగితే, యాభై రెండు మందీ ఇంకొంతమందీ అని చెప్పాడు. స్ప్రాకెట్ మీద అంకె అచ్చు వేసి ఉంటుంది కదా అంటే వినడు. వేసినవాడు ఆ రోజు ఏ పరధ్యానంలో ఉన్నాడో ఎవరికి తెలుసు అంటాడు.

ముప్పై ఏళ్ళప్పుడు జాకీ జారి ఒక లారీ అతని తుంటి మీద కూర్చుంది. అప్పట్నుంచి బండి మీద కాలు వేయలేడు. ఇసుక దిబ్బల మీద బండి తోలడమన్నది అతను ఒక్కసారైనా ఎరగడు. అయినా బండివాళ్ళంతా అతని దగ్గరికే వచ్చేవాళ్ళు. వచ్చినవాడి బండి వంక చూసేవాడు కాదు, మనిషిని చూసేవాడు. ఎంత బరువుంటావు, ఏం మోస్తావు, పొద్దున్నే వెళ్తావా మధ్యాహ్నం వెళ్తావా అని అడిగేవాడు. పొద్దుటి ఇసుక గట్టిగా ఉంటుంది, ఎండెక్కితే వదులవుతుంది. అవసరమైతే కుంటుకుంటూ ఆ దారికే వెళ్ళి, చెప్పులు విప్పి నడిచి చూసి, అప్పుడు అంకె చెప్పేవాడు.

ఒకసారి పచ్చగడ్డి అమ్మే మనిషి ఒకడు, వాళ్ళ అత్తగారిని, గడ్డిమోపునీ ఒకే బండి మీద వేసుకుని దిబ్బల కిందున్న బావికి వెళ్ళలేక ఏడ్చుకుంటూ వచ్చాడు. అన్నయ్య నాలుగు పళ్ళు పెంచాడు. బండి చక్కగా ఎక్కింది. వారం తిరక్కుండా వాడు మళ్ళీ వచ్చి, రోడ్డు మీద ఇది గాడిదతో సమానంగా పోతోందని గొణిగాడు. "మీ అత్తగారిని దింపెయ్, ఆ నాలుగు పళ్ళూ పీకేస్తా" అన్నాడు అన్నయ్య. ఆ మాట సంతంతా పాకింది. అత్తగారిదాకా కూడా వెళ్ళిందని విన్నాను.

ఇంత చెప్పింది ఎందుకంటే, అతని పేరు ఎంత కష్టపడి సంపాదించుకున్నదో మీకు తెలియాలి. అయితే ఒక సంగతి అతనికీ తెలియదు, నాకూ తెలియదు. అతని చేతిలోకి వచ్చినవన్నీ బక్క ఇంజన్ల బండ్లు. బక్క ఇంజనుకు పళ్ళు పెంచడమే మందు. ముప్పై ఏళ్ళపాటు ఆ మందు పనిచేసింది.

అన్నయ్యకు ఒక్కతే కూతురు, తూదా. పదిహేనో ఏటినుంచే, బాగుచేసిన బండి సరిగ్గా నడుస్తోందో లేదో చూసొస్తానని చెప్పి ఊరవతల దిబ్బల దాకా తోలుకుపోయేది. ఆడపిల్ల అలా తిరగడమేమిటని నా దగ్గర రొట్టెలు కొనే ఆడవాళ్ళు ఆరా తీసేవాళ్ళు. రొట్టె కావాలా, ఆరా కావాలా, రెండూ ఒకేచోట దొరకవని చెప్పి పంపేదాన్ని. తర్వాత అది దిబ్బల పక్కనున్న మెర్జూగాలో, విదేశాల వాళ్ళకు బండ్లు అద్దెకిచ్చే చోట పనికి కుదిరింది. నాలుగేళ్ళు అక్కడే పనిచేసి, వాళ్ళు పక్కన పడేసిన నాలుగు వందల యాభై సీసీ బండినొకదాన్ని కొనుక్కుంది.

దాని కోరిక ఒక్కటే. దిబ్బల్లో బండ్లవాళ్ళను వెంటబెట్టుకుని నడిపించే గైడు కావాలి. అందుకు గైడ్ల సంఘం పరీక్ష పెట్టి, గట్టెక్కినవాళ్ళకే గైడు కార్డు ఇస్తుంది. రాళ్ళ మైదానం మీదుగా వెళ్ళి, తిరుగుదారిలో మేము ఒంటెమెడ అని పిలిచే పొడుగాటి ఇసుక ఏటవాలు ఎక్కి, అనుకున్న టైములో దిగి రావాలి. ఎక్కడ కూరుకుపోతే అక్కడితో సరి. ఒక మనిషికి రెండే అవకాశాలు. కిందటేడు తూదా ఎరువు తెచ్చుకున్న బండితో వెళ్ళి ఒంటెమెడ సగంలో కూరుకుపోయింది. అంతవరకూ ఒక్క ఆడది కూడా ఆ కార్డు తీసుకోలేదు. ఈసారి కూడా తప్పితే ఇక జన్మలో దానికి ఆ కార్డు రాదు.

కిందటేడు ఆ బండికి పళ్ళు పెట్టింది అన్నయ్యే. అందుకని రెండు రోజులు రొట్టె ముట్టలేదు. పళ్ళు తక్కువయ్యాయి, నాదే పొరపాటు అనుకుంటూ గోడకవతల తిరుగుతూనే ఉన్నాడు. నేను గోడ మీదుగా పెట్టిన పళ్ళెం పెట్టినట్టే వెనక్కొచ్చింది. మూడో రోజు తిన్నాడు గానీ, ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. తూదా కూడా ఎత్తలేదు.

ఈ ఏడు పరీక్షకు ముందురోజు బండి అన్నయ్య షెడ్డులో ఉంది. తూదా మెర్జూగాలోనే ఉండి, పరీక్ష జరిగే వేళకే, ఎండ బాగా ముదిరాక, ఒంటెమెడ మీద నడిచి చూసింది. అన్నయ్య ఫోను ఎప్పుడూ ఏ పనిముట్ల కిందో పడి ఉంటుంది కాబట్టి నాకు ఫోను చేసింది. "అత్తా, నాన్నతో చెప్పు. పొడుగు చెయ్యమను. బాగా పొడుగు." అంతే చెప్పి పెట్టేసింది. నేను చేతికి పిండితోనే గోడ దగ్గరికెళ్ళి, అన్నయ్యా, పొడుగు చెయ్యాలంట, బాగా పొడుగంట అన్నాను. అతని మొహం వెలిగింది. "నేననుకున్నదీ అదే" అన్నాడు.

మా అన్నయ్య షెడ్డులో పొడుగంటే చైను పొడుగు. వెనక పళ్ళు పెంచితే చైను చాలదు, లింకులు కలిపి పొడుగు చెయ్యాలి. ముప్పై ఏళ్ళుగా మా రిస్సానీలో ఆ మాటకు అదే అర్థం. నేనైతే ఆ మాటకు ఇంకో అర్థముంటుందని కలలో కూడా అనుకోలేదు. అన్నయ్య తన దగ్గరున్న వాటన్నింటిలోకీ పెద్దది, యాభై రెండు పళ్ళది తీసి, బొటనవేలితో రెండుసార్లు లెక్కపెట్టి బిగించాడు. చైనుకు రెండు లింకులు కలిపాడు. ఆ పని చేస్తున్నంతసేపూ కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. వదిన పోయాక అతని కూనిరాగం నేను వినడం అదే మొదటిసారి.

మర్నాడు ఒక పికప్పు మాట్లాడుకుని, బండి వెనకెక్కించుకుని, ముగ్గురికీ సరిపడా మదఫూనా కట్టుకుని వెళ్ళాము. పరీక్ష మధ్యాహ్నం రెండింటికి. ఒంటెమెడ కిందే గైడ్లందరూ చేరారు. పరీక్ష పెట్టే పెద్దమనిషి మిమూన్ చేతిలో కాగితాలు, మెడలో గడియారంతో నీడన కూర్చున్నాడు. పక్కనే బర్కా అనే గైడు ఉన్నాడు. వాడి నోరు ఊరుకునే రకం కాదు. ఆడపిల్ల గైడయితే అతిథులు దారి చూస్తారా, దాన్ని చూస్తారా అని కిందటేడు అన్నది వాడే. ఈ ఏడు వాడి మేనల్లుడు కూడా పరీక్షకు వచ్చాడు.

తూదా వచ్చి నాకు ముద్దుపెట్టి, వాళ్ళ నాన్న చెయ్యి కళ్ళకద్దుకుని, బండి వెనక గొంతుక్కూర్చుంది. పెద్ద స్ప్రాకెట్ మీద చెయ్యి వేసింది. అలాగే ఉండిపోయింది. ఏదో తప్పు జరిగిందని నాకప్పుడే అర్థమైంది.

"ఇదేంటి నాన్నా?"

"యాభై రెండు. పొడుగు చెయ్యమన్నావు కదమ్మా."

"పొడుగంటే చైను కాదు నాన్నా. బండి అడుగు పొడుగు. ఇంజను ఒక చుట్టు తిరిగితే బండి ఎక్కువ దూరం పోవాలి. పళ్ళు తగ్గించమన్నాను."

తను పనిచేసే చోట అందరూ అలాగే అంటారట. విదేశాల మేస్త్రీల దగ్గర్నుంచి వచ్చిన మాట. నాలుగేళ్ళలో దానికి ఆ మాట ఎంత అలవాటయిందంటే, మా ఇంట్లో దానికి తిరగేసిన అర్థం ఉందనే మర్చిపోయింది. ఇక ఆ మాట మోసుకొచ్చిన నేను, ఎందుకే, ఎన్ని పళ్ళే అని ఒక్కమాట అడిగిన పాపాన పోలేదు. ఆ ఇసుకే విచ్చుకుని నన్ను లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది.

అన్నయ్య ఒప్పుకోలేదు. ఇసుకలో లాగాలంటే బలం కావాలి, బలం కావాలంటే పళ్ళు కావాలి, కిందటేడు చాలకే కదా ఆగిపోయావు అన్నాడు. తూదా గొంతు పెంచలేదు. ఈ ఇంజనుకు బలం కొదవ లేదంది. యాభై రెండుతో అయితే కింద పరుగు అందుకోవడానికి నాలుగో గేరు వెయ్యాల్సి వస్తుంది, సగం ఎక్కేసరికి నాలుగో గేరు లాగదు, అక్కడ మళ్ళీ మూడుకు దించాలి, దించడానికి క్లచ్చు పట్టుకున్న ఆ కాస్త సేపట్లోనే బండి ఇసుకలో దిగిపోతుంది అంది. నలభై ఎనిమిదితో అయితే కింద నుంచి పైదాకా మూడో గేరు ఒక్కటే సరిపోతుందట. అన్నయ్య ఒంటెమెడ సగం దాకా చూపు పోనిచ్చాడు.

"కిందటేడు ఆగింది అక్కడేనా? గేరు మార్చేటప్పుడా?"

"అక్కడే."

"మరి నాకు చెప్పలేదేం?"

"రొట్టె ముట్టకుండా కూర్చుంటే ఎలా చెప్పను నాన్నా?"

గైడ్లంతా ఈ పాటికి చుట్టూ మూగారు. బర్కా నవ్వుతూ, హమ్మూ మేస్త్రీకి కూతురు పళ్ళ లెక్క నేర్పుతోందర్రా అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో రొట్టెల మూట లేకపోతే ఏం చేసేదాన్నో. అన్నయ్య మాత్రం వాడి వైపు తల తిప్పలేదు. ఈ చుట్టూ ఉన్నవాళ్ళలో సగంమంది అతని షెడ్డుకు వచ్చేవాళ్ళే. అతను చెప్పిన అంకెకు ఎదురు చెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు. ఇప్పుడు తను బిగించిన స్ప్రాకెట్‌ను తనే వాళ్ళ ముందు విప్పాలి. అతనికి అదెంత కష్టమో నాకు తెలుసు.

తూదా బతిమాలలేదు. "నువ్వు ఇదే ఉంచమంటే దీంతోనే తోల్తాను నాన్నా. కానీ పైకెక్కను" అంది.

అన్నయ్య పికప్పు దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళాడు. తనతో ఎప్పుడూ తిప్పే స్ప్రాకెట్ల గోనెసంచి తెచ్చి, దుప్పటి పరిచి దాని మీద గుమ్మరించాడు. ఒకటి తీసి సుద్దగీత గీశాడు. అందరికీ వినపడేలా పైకే లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు అంటూ నలభై ఎనిమిది దాకా. అయ్యాక బర్కాతో, "అవును, నేర్పుతోంది. నువ్వూ కూర్చో, ఖర్చు లేకుండా నేర్చుకుంటావు" అన్నాడు.

మొదటి బండి బయల్దేరడానికి అరగంట ఉంది. తూదా వంతు నాలుగోది. చక్రం విప్పి, యాభై రెండు తీసి నలభై ఎనిమిది బిగించి, నిన్న కలిపిన రెండు లింకులూ తీసేసి, చైనును మళ్ళీ క్లిప్పుతో కలిపాడు. క్లిప్పు తిరగబడితే పరుగులో ఊడిపోతుంది కాబట్టి, దాని మూసుకున్న వైపు చైను తిరిగే దిక్కుకే ఉందో లేదో ఒకటికి రెండుసార్లు చూశాడు. బోల్టులు ఇసుకలో పడకుండా నేను రొట్టెల పళ్ళెంలో పట్టుకున్నాను. తూదా చక్రం ఎత్తి పట్టుకుంది.

ముందు వెళ్ళిన ముగ్గురిలో ఒకడు గట్టెక్కాడు. ఒకడు రాళ్ళ మైదానంలోనే టైర్లు చీల్చుకున్నాడు. బర్కా మేనల్లుడు ఒంటెమెడ సగం ఎక్కి, గేరు దించి, అక్కడే ఇరుసు దాకా కూరుకుపోయాడు. సరిగ్గా తూదా చెప్పిన చోటే. బర్కా పార పట్టుకుని అటు నడిచాడు. ఆ కుర్రాడి ఏడుపు మొహం చూసి నాకు జాలేసింది, అబద్ధమెందుకు.

తూదా మైదానం వైపు వెళ్ళి కనపడకుండా పోయింది. నలభై నిమిషాలు గడిచాయి. నాకు తెలిసిన ప్రార్థనలన్నీ అయిపోతే మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టాను. అప్పుడు దుమ్ము కనిపించింది. బండి మా ముందు నుంచే దూసుకుపోయి ఒంటెమెడ అందుకుంది. అన్నయ్య చూడలేదు. కళ్ళు మూసుకుని, చెవి అటు పెట్టి, నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. బండి తోలలేని మనిషికి చెవే కన్ను.

ఇంజను చప్పుడు కింద ఎలా ఉందో సగంలోనూ అలాగే ఉంది. కాస్త బరువెక్కింది గానీ ఎక్కడా తెగలేదు. అంతకుముందు వాళ్ళు ఆగిన చోటు దాటింది. వెనక చక్రం ఇసుకను చిమ్ముతూనే ఉంది. బండి దిబ్బ కొస మీద ఒక్క క్షణం కనిపించి అవతలికి దిగిపోయింది. నా భుజం మీద అన్నయ్య వేళ్ళ గుర్తులు వారం రోజులున్నాయి.

చుట్టు తిరిగి వచ్చేసరికి మిమూన్ గడియారం చూసి తలూపాడు. ఇంకా ఆరు నిమిషాల టైము మిగిలే ఉంది. తూదా హెల్మెట్ తీసింది. మొహమంతా ఇసుక. అన్నయ్య దాన్ని పట్టుకోలేదు, శభాషనలేదు.

"ఏ గేరు?" అన్నాడు.

"మూడు."

"మధ్యలో?"

"మార్చలేదు."

అన్నయ్య కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోయాయి. తుడుచుకోలేదు. నేనూ ఏడ్చాను. మా వంశంలో మేకలు కాసినవాళ్ళున్నారు, రొట్టెలు కాల్చినవాళ్ళున్నారు, ఇంత గర్వంగా తలెత్తుకునే రోజు మాకు ఇంతకుముందు రాలేదు.

మిమూన్ కార్డు మీద తూదా పేరు రాసి, సంతకం పెడుతూ, మర్యాదకు, ఇదంతా నీ చేతి చలవే మేస్త్రీ అన్నాడు. వేరేవాళ్ళయితే తలూపి ఊరుకునేవాళ్ళు. ఆ మాటతో అన్నయ్య పేరు నిలబడేది, బర్కా నోరూ పడేది.

"నాది కాదు" అన్నాడు అన్నయ్య. "నేను యాభై రెండు వేసి తెచ్చాను. నా కూతురు విప్పించింది. నాది తప్పు, దానిది రైటు. ఆ ముక్క కూడా అందులో రాయి."

"అది రాయడానికి ఇందులో చోటు లేదు మేస్త్రీ."

"అయితే నేనే చెప్పుకుంటాలే."

చెప్పుకున్నాడు. పికప్పు డ్రైవరుకు దారంతా చెప్పాడు. పెట్రోలు బంకులో ఆగితే ఆ మనిషికి చెప్పాడు. రిస్సానీ చేరేసరికి చీకటి పడుతోంది. పచ్చగడ్డి అమ్మే మనిషి ఎదురొచ్చి, పిల్ల పాసయిందా అని అడిగాడు. అన్నయ్య పికప్పు ఆపించి, కిటికీలోంచి తల బయటపెట్టి, ఉన్న పదకొండు పళ్ళూ కనిపించేలా నవ్వాడు. "నేను తప్పు వేశానయ్యా" అని మొదలుపెట్టాడు.